మన పాటల రేడియో ఎవరు వింటారు?

“మన పాటలకే ఒక రేడియో ఉంటే ఎంత బాగుండును!” అని సభ్యులు కొందరు అంటున్నారు. కీర్తనలు, పదాలు, జానపదాలు, లలిత గీతాలు, రోజంతా ఇవే. సినిమా పాట ఒక్కటీ లేకుండా. ముచ్చటగానే ఉన్నది. కాని ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడమో తమిళమో ఒడియాయో అయిన మన ఊళ్లలో అది వినేవారెందరు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌గారికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాట గిట్టదు. ఆకాశవాణిలో కచేరీలు పెరిగినవి, సినిమా పాటలు సన్నగిల్లినవి. జనం ఏం చేశారు? ముల్లు సిలోను వైపు తిప్పుకున్నారు! చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టవలసి వచ్చింది. వినేవాణ్ణి బలవంతాన రసికుణ్ణి చేయబోతే ఇదే వరుస.

అదే ఆకాశవాణిలో విజయవాడ భక్తిరంజని సంగతి చూడండి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిదిద్దిన ఆ కార్యక్రమంలోనూ సినిమా పాట లేదు. అయినా తెల్లవారేసరికి ఎన్నో ఇళ్లలో అదే మ్రోగేది. కొత్తగా ఏదీ కొననక్కరలేదు. పొయ్యి మీద కాఫీ, గూట్లో రేడియో. రాగం పేరు తెలియని ఇల్లాలు కూడ పని మానకుండా వినవచ్చును.

వరల్డ్‌స్పేస్ కథ వేరు. ఉపగ్రహం నుండి వచ్చే ఆ రేడియోలో కర్ణాటక సంగీతానికి శ్రుతి, తెలుగుకు స్పందన అని విడివిడి కేంద్రాలు ఉండేవి. చందా కట్టాలి, ప్రత్యేకమైన పెట్టె కొనాలి, ఏరియల్ పలకను ఆకాశం కనబడే కిటికీలో నిలబెట్టాలి. విన్నవారు ప్రాణప్రదంగా విన్నారు. ఖర్చుకు తగినంతమంది మాత్రం దొరకలేదు. అమెరికాలోని మాతృసంస్థ 2008లో దివాలా తీయగా, 2009 డిసెంబరు 31తో ఇక్కడ ప్రసారాలు ఆగిపోయినవి.

ఇక మన సంగతి. 2006 నుండి స్వచ్ఛంద సంస్థలు కూడ సామాజిక రేడియో పెట్టుకోవచ్చును. 100 వాట్ల ప్రసారం, చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల మేర వినబడుతుంది. కార్యక్రమాలలో సగమైనా స్థానికులు పాలుపంచుకొని తయారుచేయాలి. మాకు నచ్చినది ఈ షరతే. రికార్డు పాటకు నేడు రేడియో ఎందుకు? ఏ కీర్తన కావాలన్నా సెల్‌ఫోనులో ఉన్నది. అందులో లేనిది మన వీథి మామ్మ పాడే మంగళహారతి, మన యాసలోని పెళ్లిపాట. మన తెలుగులో పొరుగు భాషలు కలిసిపోయినవి. విజయవాడవారు నవ్వితే నవ్వనీ, ఆ పలుకు మరెక్కడా వినబడదు. మన పిల్లలలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. చెవి మాత్రం ఇంకా తెలుగుదే.

కనుక ఇరవైనాలుగు గంటల కేంద్రం వద్దని మా అభిప్రాయం. ఆ ఖర్చు సంఘం మోయలేదు, అన్ని గంటలు నింపనూలేదు. ఊళ్లో ఏ కాలేజీవారిదో సామాజిక రేడియో ఉంటే, ఉదయం అరగంట, రోజూ ఒకే వేళకు, అడిగి చూడవచ్చును. కర్ణాటకలోను తమిళనాడులోను పొరుగింటివారు కూడ చెవి ఒగ్గుతారు; త్యాగరాజ కీర్తన వారికి పరాయిది కాదు గదా!

అయితే ఆరున్నరకల్లా మైకు ముందు కూర్చునేదెవరు? మాబోటి గుమాస్తాలకు ఎనిమిదింటి బస్సు తప్పదు. అయినా వారానికి రెండు రోజులు మేము వస్తాము. తక్కిన ఐదు రోజులకు పేర్లు కావాలి. ఈలోగా ఎవరింటి మామ్మ పాట వారు రికార్డు చేసి ఉంచండి. ఆమె గొంతు బాగున్న రోజు చూసి మరీ చేయండి.