షోరూంలో ఉన్న ఆ కాయితం మన ట్రాక్టర్ గురించే

ఈసారి ఎరువుల గురించి కాదు, ధరల గురించీ కాదు, షోరూం గురించి. కాస్త పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

మీ బండి ఏ కంపెనీదైనా సరే, అందులో ఏ భాగం తరచుగా పాడవుతోందో మీకంటే ముందు కంపెనీకి తెలుస్తుంది. ఎందుకంటే షోరూంల నుంచి వారంటీ క్లెయిములన్నీ అక్కడికే పోతాయి. ఒకే పంపు మీదో, ఒకే సీలు మీదో నాలుగు వైపుల నుంచి క్లెయిములు వస్తుంటే వాళ్ల ఇంజనీర్లు కారణం వెతికి, షోరూంలకి ఒక కాయితం పంపుతారు. దాన్నే సర్వీస్ బులెటిన్ అంటారు. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఉన్న బళ్లలో ఈ ఇబ్బంది వస్తోంది, పాత పార్టు తీసి ఈ కొత్త పార్టు వెయ్యండి, క్లెయిమ్ ఇలా పెట్టండి అని అందులో రాసి ఉంటుంది.

ఆ కాయితం మనకి రాదు.

రీకాల్ వేరు, ఇది వేరు. రీకాల్ అంటే ప్రమాదకరమైన లోపం ఉన్న బళ్లని వెనక్కి పిలిచి బాగుచేయడం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఎ సెక్షన్ వచ్చింది. అలాంటి బళ్లని వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కానీ లిఫ్ట్ దిగిపోవడం, గేరు జారడం, సీలు కారడం ప్రాణం మీదికి వచ్చేవి కావు, పని మీదికి వచ్చేవి. వాటికి మామూలుగా బులెటినే. అడిగినోడికి చేస్తారు, అడగనోడికి లేదు. అసలు ఉందని తెలియనోడు ఎలా అడుగుతాడు?

మా పక్క ఊళ్లో ఒకాయనకి ఇదే జరిగింది. లిఫ్ట్ మీద రోటవేటర్ నిలబడటం లేదు, మెల్లగా దిగిపోతోంది. వారంటీలో ఉండగానే మూడుసార్లు షోరూంకి తీసుకెళ్లాడు. మూడుసార్లూ ఏదో తిప్పి, నూనె పోసి, "సెట్ అయిపోద్ది లెండి" అని పంపించేశారు. జాబ్‌కార్డు ఒక్కసారీ రాయలేదు. నాలుగోసారి వెళ్లేసరికి వారంటీ అయిపోయింది, చేతిలో ఎస్టిమేట్ పెట్టారు. అదే మోడల్, అదే ఇబ్బంది, వేరే మండలంలో ఆయన బావమరిదికి పైసా తీసుకోకుండా పార్టు మార్చారు. అక్కడి మెకానిక్ బులెటిన్ చదివాడు, ఇక్కడోడు చదవలేదు, లేదా చదివీ ఊరుకున్నాడు. తేడా అంతే.

షోరూం వాళ్లంతా దొంగలని నేను అనను. వారంటీ పని అంటే వాళ్లకి గిట్టుబాటు తక్కువ. కంపెనీ కట్టే కూలీ మన దగ్గర తీసుకునే దానికంటే తక్కువగా ఉంటుంది, పాత పార్టు దాచి చూపించాలి, కాయితాల్లో చిన్న తేడా ఉంటే క్లెయిమ్ తిరగ్గొడతారు. మనం జేబులోంచి ఇచ్చే డబ్బుకి ఈ గొడవేమీ లేదు. మెకానిక్ కుర్రాడి మీద అరిచి లాభం లేదు, వాడి జీతం వాడిది. పద్ధతే అలా ఉంది. కానీ ఆ పద్ధతికి మూల్యం కట్టేది మనం. బండి మీద కిస్తీ నడుస్తూ ఉంటుంది, దమ్ము సీజన్ మాత్రం ఆగదు.

ఇంకో మాట. ఫ్రంట్ యాక్సిల్‌లోకి నీళ్లు పోతే "దమ్ములో వాడారు, అది మీ వాడకం తప్పు" అంటారు. బండి అమ్మేటప్పుడు బురదలో ఎలా దూసుకుపోతుందో వీడియో చూపించింది ఎవరండీ? వరి పండించే చోట ట్రాక్టర్ అమ్మి, దమ్ము చేస్తే తప్పంటే అది వారంటీ ఎలా అవుతుంది? అరుగుడు సామాను వారంటీలోకి రాదంటే ఒప్పుకుంటాను. టైర్లకి, బ్యాటరీకి వాటి కంపెనీల వారంటీ వేరే ఉంటుంది, అదీ సరే. కానీ సీలు ఆరు నెలలకే పోతే అది అరుగుడా, లోపమా అన్నది షోరూం వాళ్ల నోటిమాటతో తేలే విషయం కాదు. కాయితం మీద తేలాలి.

అందుకే జాబ్‌కార్డు లేకుండా బండి అక్కడ వదలొద్దు. ఇబ్బంది ఏమిటో మీ మాటల్లోనే రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి. "రోటవేటర్ ఎత్తితే పది నిమిషాల్లో కిందికి దిగిపోతోంది" అని ఉండాలి. తేదీ, గంటల మీటర్ అంకె, చాసిస్ నంబరు ఉండాలి. కాపీ తీసుకోండి, ఇవ్వకపోతే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నంబరు బండికి కంపెనీ నుంచి బులెటిన్ ఏమైనా ఉందా?" లేదంటే ఆ మాటే రాసి సంతకం పెట్టమనండి. సంతకం అనగానే కంప్యూటర్ తెరిచి చూస్తారు, మీరే చూడండి. గంటల మీటర్ పనిచేయకపోతే ముందు అది బాగుచేయించుకోండి. సర్వీసు కూపన్లు వదిలేయకండి. క్లెయిమ్ కొట్టేయడానికి వాళ్లకి మొదట దొరికేవి ఆ రెండే.

వారంటీలో రాయించిన ఇబ్బంది వారంటీ అయ్యాక మళ్లీ వస్తే, అది పాత ఇబ్బందేనని వాదించడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, షోరూం ఎక్కడున్నా సరే. బండికి కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. కిరాయికి తిప్పుతున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదని వాళ్ల లాయరు అంటాడు, బెదిరిపోకండి. సొంతంగా కష్టపడి బతకడానికి కొనుక్కున్నది వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే ఉంది. ఒకరిద్దరు సాయం ఉన్నా సరేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

అమెరికాలో కార్లు, లారీల కంపెనీలు డీలర్లకి పంపే ఇలాంటి బులెటిన్ల కాపీలు అక్కడి రోడ్డు భద్రతా సంస్థకి ఇచ్చి తీరాలి. ఆ సంస్థ వాటిని నెట్‌లో పెడుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. మన కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ అని పోర్టల్ తెచ్చింది, అందులో వ్యవసాయ యంత్రాలనీ చేర్చింది. మంచిదే. కానీ అందులో కస్టమర్ కేర్ నంబరు ఇస్తే సరిపోదు. చాసిస్ నంబరు కొడితే ఆ బండికి ఉన్న బులెటిన్లన్నీ తెలుగులో కనపడాలి. ఈసారి కంపెనీ వాళ్లు ఊళ్లోకి వచ్చి ట్రాక్టర్ మేళా పెట్టి టీలు, టోపీలు పంచుతారు కదా, అప్పుడు హార్స్‌పవర్ ఎంత, డిస్కౌంట్ ఎంత అని అడిగే ముందు ఈ సంగతి అందరి ముందూ అడగండి.