కరువు స్లైడు మూడు నిమిషాలు

అమెరికా తెలుగు సభల మీద నాకు కోపమేమీ లేదండీ. 1977లో మొదలైన తానా సభలు 2025 జులైలోనూ డెట్రాయిట్ పక్కన నోవైలో జరిగాయి. కూచిపూడి, అవధానం, గోంగూర పచ్చడి... అన్నీ ఉండాల్సిందే. నా గొడవల్లా ఇలాంటి సభల మధ్యలో దూర్చే 'మన సీమ కరువు' స్లైడుతోనే. నెర్రెలిచ్చిన నేల, మబ్బు కేసి చూసే రైతు, వెనక వేణువు. చప్పట్లు, చందాలు, ఆ వెంటనే సినిమా పాటలు.

ఇది అవగాహనట. ఎవరికి? మా కలకడ వైపు బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేస్తుందని, ఆ అప్పు తీర్చడానికి కొడుకు కువైట్ విమానం ఎక్కుతాడని మనలో తెలియంది ఎవరికి?

హంద్రీ-నీవా అంటే శ్రీశైలం వెనక నీళ్ళు 40 టీఎంసీలు ఎత్తిపోసి, నాలుగు సీమ జిల్లాల్లో 6 లక్షల ఎకరాలు తడుపుతామన్న పథకం. 2025 ఆగస్టులో కృష్ణ నీళ్ళు కుప్పం చేరితే ముఖ్యమంత్రి హారతిచ్చారు. సంతోషమే. కానీ చెరువు నిండడం వేరు, చేను తడవడం వేరు. పిల్లకాలువలు ఎప్పటికి? ఏడాదికి ఎన్ని రోజులు నీళ్ళు? అంత ఎత్తుకి తోడే పంపుల కరెంటు బిల్లు ఏటా ఎవరు కడతారు?

జవాబు చెప్పాల్సిన మంత్రులు, ఎమ్మెల్యేలు ఆ సభల్లో ముందు వరసలోనే కూర్చుంటారు, అన్ని పార్టీల వాళ్ళూనూ. మనం శాలువా కప్పి ఫొటో దిగుతాం. రిలీజు రెండ్రోజులు లేటైతే పది మెయిళ్ళు కొట్టే మనవాళ్ళకి అక్కడ నోరు పెగలదు! వచ్చేసారి రైతు ఫొటో బదులు కాలువ మ్యాపు పెట్టండి, మైకు జనంలోకి పంపండి.