మొదటి ఉతుకే పరీక్ష

పోయినేడు వినాయక చవితికి మూడు రోజుల ముందు కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నమ్మ కొడుకు గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, ఒక్కసారి పిండంగనే బొమ్మంత పోయింది." వీధిలోని యువజన సంఘానికి వాడు వేసిచ్చిన 40 తెల్ల కాటన్ టీషర్టులలో ఒకదాన్ని ఎవరో ఉతికారు. గణపతి పాత ఫొటోలా వెలిసిపోయాడు. హీట్ ప్రెస్‌కు, ప్రింటర్‌కు కలిపి వాడు పెట్టిన 45 వేలూ చిన్నమ్మ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినవే.

తప్పు మెషీన్‌ది కాదు. పెట్టినంత వేడెక్కింది, నొక్కమన్నంత సేపు నొక్కింది. అమ్మిన డీలరు చెప్పనిది ఒక్కటే: సబ్లిమేషన్ సిరా పాలిస్టర్‌కే పడుతుంది. దాదాపు 200 డిగ్రీల వేడికి ఆ సిరా ఆవిరై పాలిస్టర్ పోగుల్లోకి చొచ్చుకుపోయి, చల్లారాక అక్కడే ఉండిపోతుంది. కాటన్‌కు దాన్ని అలా పట్టుకునే గుణం లేదు. పైపైన అంటినది సబ్బునీళ్లతో పోతుంది. తెల్లసిరా ఉండదు గనుక ముదురు రంగు బట్ట మీద అసలు కనిపించదు. కబడ్డీ, క్రికెట్ జట్ల లేత రంగు జెర్సీలకు మాత్రం ఇది చక్కటి పద్ధతి.

కాటన్‌కు దారులు వేరు. పేర్లు, అంకెలే అయితే వినైల్ చాలు. రంగు షీటుపై అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిరగేసి కత్తిరించి, అక్కర్లేని ముక్కలు ఒలిచేసి, వేడితో అంటిస్తారు. రంగురంగుల బొమ్మ అయితే డీటీఎఫ్. ఫిల్ము మీద రంగులు, వాటిపైన తెల్లసిరా అచ్చేసి, తడి ఆరకముందే జిగురు పొడి చల్లి కరిగిస్తారు. దాన్ని బట్ట మీద పెట్టి 150-160 డిగ్రీల దగ్గర పది పదిహేను సెకన్లు నొక్కితే కాటన్‌కైనా పాలిస్టర్‌కైనా, నలుపుకైనా తెలుపుకైనా అతుక్కుంటుంది. అయితే ముదురు రంగు పాలిస్టర్‌తో జాగ్రత్త. వేడి ఎక్కువైతే బట్ట రంగే పైకి ఎక్కి, ఎర్ర జెర్సీ మీది తెల్ల అంకె గులాబీ అవుతుంది.

కొత్తవాళ్లు డీటీఎఫ్ ప్రింటర్ కొనక్కర్లేదు. ఆర్డర్లు లేక పక్కన పెడితే తెల్లసిరా అడుగున పేరుకుపోతుంది, ప్రింట్ హెడ్ మూసుకుపోతుంది. మీటర్ల లెక్కన ఫిల్ము అచ్చేసి ఇచ్చేవాళ్లు పెద్ద నగరాల్లో ఉన్నారు. తిరుప్పూర్ లాంటి చోట్ల నుంచి వచ్చే సాదా టీషర్టులు, బయట వేయించిన ఫిల్ము, ఇంట్లో ఒక ప్రెస్ ఉంటే పని మొదలవుతుంది. నొక్కే ముందు ఖాళీ బట్టను నాలుగైదు సెకన్లు వేడి చేస్తే చెమ్మ పోతుంది. ప్లేటు అంతటా ఒకే వేడి ఉందో లేదో కొలిచి చూడాలి. ఒక మూల తగ్గితే అక్కడే బొమ్మ ఊడుతుంది.

ఇక లెక్కలు. ఒకే బొమ్మ 500 టీషర్టులపై కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ వాడితో పోటీ పడలేం. హీట్ ప్రెస్‌కు బతుకు పది, ఇరవై పీసుల ఆర్డర్లలో, ఒక్కో చొక్కాకు ఒక్కో పేరు కావాలనే చోట ఉంది. ధరలో చెడిపోయే పీసులు, కరెంటు, సొంత కూలి కలపకపోతే మిగిలేది అలసటే. ఐపీఎల్ జట్ల లోగోలు, సినిమా పోస్టర్లు అచ్చేస్తే ఆర్డర్లు వస్తాయి గానీ అనుమతి లేకపోతే 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం, 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కేసులూ రావచ్చు. బస్తీ సంఘం పేరు, కాలేజీ బ్యాచ్ ఫొటో అచ్చేసేవాడికి ఆ భయం లేదు.

2015లో మొదలైన ముద్రా పథకం కింద ఇలాంటి పనులకు 10 లక్షల వరకు అప్పు దొరుకుతుంది. పాత అప్పు సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల దాకా పెంచుతామని 2024 బడ్జెట్‌లో ప్రకటించారు. మంచిదే. కానీ మన స్వయం ఉపాధి చర్చ ఎప్పుడూ ఎంత అప్పు ఇచ్చారన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. మా వాడికి కొరవడింది డబ్బు కాదు. ఏ సిరా ఏ బట్టకు పడుతుందో కొనకముందే చెప్పే మనిషి.

ఆ రాత్రే హైదరాబాద్‌లో ఫిల్ము వేయించి బస్సు పార్సిల్‌లో పంపాను. బొమ్మ కొంచెం పెద్దది చేయించాం. కింద తెల్లసిరా పొర ఉంది గనుక పాత మరక కనపడలేదు. చవితి నాటికి 40 టీషర్టులూ మళ్లీ వేసిచ్చాడు. లాభం పోయింది, పేరు దక్కింది. ఇప్పుడు ఏ ఆర్డరైనా ఒక పీసు వేసి, ఒక రోజు ఆగి, తిరగేసి ఉతికి చూశాకే మిగతావి మొదలుపెడుతున్నాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. వడ్డీ మాత్రం నెలనెలా తప్పకుండా కడుతున్నాడు.