ఏరు ఏది? నీరు ఏది?

అంతర్జాల పరికరాలూ, గణాంక విశ్లేషణా వస్తే బడి బాగుపడుతుందని నమ్మేవారితో నాకు పేచీ లేదు. ఏ పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిపోయిందో వారం తిరగకుండా పంతులుగారికి చెప్పగల సాధనాన్ని కాదనడం మూర్ఖత్వం. నా పేచీ అల్లా ఆ సాధనం అడిగే ప్రశ్నతోనే. పట్నంలో తయారైన ప్రశ్నను భద్రాచలం అడవి అంచున కోయగూడెంలో అడిగి, వచ్చిన జవాబుకు "వెనుకబాటు" అని పేరు పెట్టడాన్ని ఒప్పుకోలేను.

ఒక్క మాట చూడండి. తెలుగులో ఏరు అంటే వాగు. కోయభాషలో ఏర్ అంటే నీరు. తెర మీద వాగు బొమ్మా, నీళ్ళకుండ బొమ్మా చూపి "ఏరు ఏది?" అంటే కోయపిల్ల కుండను తాకవచ్చు. తన భాషలో అది తప్పు కాదు. యంత్రం మాత్రం సున్నా వేస్తుంది. అటువంటి సున్నాలు పోగై పటంలో ఒక మండలం ఎర్రబారుతుంది. ఆ ఎరుపు చూసిన అధికారి అదే తెలుగు పాఠాన్ని మరో నెల చెప్పమంటాడు. రోగనిర్ణయమే తప్పినప్పుడు మందు ఎలా పనిచేస్తుంది?

హాజరు లెక్కా అంతే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. పట్టికలో అది గైర్హాజరు. గూడెంలో అది తిండిగింజల లెక్క.

ఇదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు. 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన ఆరంభించింది. తెలుగు లిపిలో కోయ వాచకాలు వచ్చాయి. 2005 తరువాత సల్వాజుడుం హింసకు తాళలేక బస్తరు నుండి గుత్తికోయలు ఖమ్మం అడవులకు వలస వచ్చారు. తెలుగు చెవిన పడని ఇళ్ళ నుండి పిల్లలు బడికి చేరారు. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌కు పోయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఒకే భాష పిల్లలు రెండు రాష్ట్రాల లెక్కల్లోకి చీలిపోయారు. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఇక మీదట కోయ తెలిసిన పంతులు దొరకని చోట ఆ లోటును పలక లాంటి తెర పూడుస్తుందా?

"ఉద్యోగాలకు తెలుగూ, ఇంగ్లీషూ కావాలి కదా, కోయ ఎందుకు?" అనేవారున్నారు. కావాలి, నిజమే. తెలుగు నేర్పడానికే కోయ కావాలి. తెలిసిన మాట మీద కాలు మోపితేనే తెలియని మాటకు అడుగు పడుతుంది.

కనుక నేను కోరేది సాధనాలను తీసేయమని కాదు. ప్రశ్నను కోయ గొంతుతో కూడా వినిపించండి. మాతృభాష గడిని నింపి మరచిపోక, మార్కుల పక్కన పెట్టి చదవండి. లెక్క ముందు పంతులుకు చేరాలి, తరువాతే జిల్లా కార్యాలయానికి. రెండు భాషల్లోనూ అడిగాక కూడా పిల్ల తడబడితే, అప్పుడు పాఠాన్ని మార్చుదాం. అంతవరకూ ఆ ఎర్రగడి చూపుతున్నది పిల్ల అజ్ఞానాన్ని కాదు, మన అజ్ఞానాన్ని.