బొమ్మ కాదు, వెలుగు

చర్చి బాగుచేయించాలని సంఘం తీర్మానించిందంటే ముందు స్లాబు, ఆ తర్వాత గ్రానైటు, ఏసీలు, సౌండ్ సిస్టం. కిటికీల వంతు వచ్చేసరికి చందాల డబ్బు అయిపోతుంది. ఎవరో ఫ్లెక్సీ షాపుకు వెళ్లి మంచి కాపరి బొమ్మను వినైల్ మీద ప్రింటు తీయించి అద్దానికి అంటిస్తారు. కొన్ని వేసవులకే కాపరి ముఖం వెలిసిపోతుంది. డబ్బు చాలకపోవడం తప్పేమీ కాదు. గాజంటే బొమ్మే అనుకోవడంతోనే నా పేచీ.

బెర్లిన్‌లోని కైజర్ విల్హెల్మ్ స్మారక చర్చి గోడల గాజులో బొమ్మే లేదు. 1943 నవంబరు బాంబుదాడిలో పాత చర్చి ధ్వంసమైంది. 113 మీటర్ల గోపురంలో 71 మీటర్ల మొండెం మిగిలింది. వాస్తుశిల్పి ఎగాన్ ఐయర్‌మాన్ దాన్ని కూడా పడగొట్టేద్దామన్నాడు. ఊరివాళ్లు ససేమిరా అన్నారు. చివరికి దాన్ని ఉంచి, పక్కనే ఎనిమిది మూలల కొత్త చర్చి కట్టాడు. 1961 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. పగలు బయటినుంచి చూస్తే అదొక గోదాములా ఉంటుంది. చర్చికీ దాని కొత్త గంటల గోపురానికీ కలిపి బెర్లిన్ జనం పౌడరు డబ్బా, లిప్‌స్టిక్కు అని పేరు పెట్టారు, అన్యాయమేమీ కాదు!

లోపలికి వెళ్తే మాత్రం చుట్టూ నీలం. గళ్ల కాంక్రీటు గోడల్లో 20 వేలకు పైగా గాజు పలకలు. ఫ్రాన్సులోని షార్త్ర్ ఊరి కళాకారుడు గాబ్రియెల్ ల్వార్ చేసినవి. దళసరి రంగు గాజును సుత్తితో పగలగొట్టి ముక్కల్ని కాంక్రీటులో పొదిగాడు. పగిలిన అంచు నున్నగా ఉండదు, అందుకే వెలుగు తిన్నగా రాక చెదిరిపోతుంది. పైగా అక్కడ గోడ ఒకటి కాదు, రెండు. నడుమ ఖాళీలో దీపాలు పెట్టారు కాబట్టి రాత్రిళ్లూ ఆ నీలం ఆరిపోదు. బయటి వాహనాల రొదను కూడా ఆ ఖాళీయే మింగేస్తుంది. ఏ స్టిక్కరు ఇంత పని చేస్తుంది?

బొమ్మ లేకపోతే భక్తి ఎలా అని అడిగేవారు జర్మనీలోనూ ఉన్నారు. కొలోన్ కెథెడ్రల్‌లో యుద్ధం తర్వాత బిగించిన తెల్ల అద్దాల్లోంచి ఎండ కళ్లలో కొట్టేది. 2007లో చిత్రకారుడు గెర్హార్డ్ రిఖ్టర్ వాటి స్థానంలో 72 రంగుల గాజు గళ్లు, 11 వేలకు పైగా, అమర్చాడు. ఒక్క పరిశుద్ధుడి రూపం కూడా లేదు. ఇది మసీదుకైతే నప్పుతుందని అక్కడి కార్డినల్ మైస్నర్ విసుక్కున్నాడు. నా ఓటు రిఖ్టర్‌కే. అక్కడ తీరాల్సిన ఇబ్బంది ఎండతో, బొమ్మల కొరతతో కాదు.

బొమ్మలే కావాలంటే మెదక్ చర్చి ఉంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో క్రీస్తు ఆరోహణ కిటికీ 1927లో, జననం కిటికీ 1947లో, శిలువ కిటికీ 1958లో వచ్చాయి. ఆ మధ్యకాలంలో ఆరాధనలేమీ ఆగలేదు. చందాలు చాలని సంఘం కూడా బలిపీఠం వెనక ఒక్క కిటికీతో మొదలుపెట్టి, మిగతావాటిని పిల్లల తరానికి వదిలేయొచ్చు.