బర్రెకు నూనె పోస్తే వెన్న వస్తుందా?

మొన్న సంక్రాంతి వెళ్ళిన తరవాత లక్సెట్టిపేటలో మా పెద్దమ్మగారింటికి వెళ్ళాను. గోదావరి వొడ్డున వున్న వూరు. వెనుక ఆదిలాబాదు జిల్లాలో వుండేది. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. కడెం కాలువ కింద వరి, మెట్ట చేలల్లో పత్తి. వరి పండేచోట గడ్డికీ తవుడుకూ లోటు లేదు. పత్తి పండేచోట గింజలకు లోటు లేదు. పాడికి యింతకంటె యేం కావాలి అనుకుంటాం.

కాని పెద్దమ్మ ముఖం వాడిపోయి వుంది. ఆమె బర్రె యీని మూడు వారాలైంది. పూటకు నాలుగు లీటర్లు యిస్తున్నది. పాలు పెరిగినకొద్దీ గొడ్డు చిక్కిపోయి తుంటి యెముకలు బయటపడ్డాయి. "నూనె పొయ్యి, బలమూ పడుతుంది, పాలల్లో వెన్నా పెరుగుతుంది" అని యెవరో చెప్పారట. పాలకేంద్రంలో ధర కట్టేది వెన్న శాతాన్ని బట్టేగదా! మనవరాలి కాలేజీ ఫీజు ఆ పాలడబ్బులోంచే వెళ్ళాలి. యింకేం, కుడితిలో పూటకు పావు లీటరు చొప్పున పల్లినూనె పొయ్యడం మొదలుపెట్టింది. అయిదో రోజుకు బర్రె గడ్డి ముట్టడం మానేసింది. నెమరు తగ్గింది. పేడ పలచబడింది. యేడు దగ్గర వుండే వెన్న అయిదున్నరకు దిగింది.

"నూనె పోస్తే వెన్న ఎక్కువ వస్తదన్నరు బిడ్డా! ఉన్న వెన్న గూడ పాయె. నా నూనె పాయె, నా పాలు పాయె. గిదేం లెక్క?" అన్నది పెద్దమ్మ.

లెక్క వుంది. పాడి వున్న ప్రతి యింటివారూ తెలుసుకోదగిన లెక్క అది.

పెద్దమ్మకు సలహా చెప్పినవారిది పూర్తిగా తప్పని అనలేం. పిండిపదార్థం గ్రాముకు నాలుగు కేలరీల శక్తి యిస్తే, కొవ్వు తొమ్మిది యిస్తుంది. అంటే రెండింతలకు పైమాటే. యీనిన గొడ్డుకు మొదటి రెండు మూడు నెలలు గండకాలం. పాలు రోజురోజుకూ పెరుగుతాయి గాని, మేత తినే శక్తి అంత త్వరగా పెరగదు. రాబడి తక్కువ, ఖర్చు యెక్కువ అయిన సంసారంలాగ అది తన వొంట్లోని కొవ్వును కరిగించి పాలలో పోస్తుంది. అందుకే తుంటి యెముకలు బయటపడతాయి. మరీ చిక్కిపోతే మళ్ళీ యెదకు రావడం ఆలస్యమవుతుంది, చూలు ఆలస్యమవుతుంది, వచ్చే యేడు పాలూ ఆలస్యమవుతాయి. కనుక తక్కువ మేతలో యెక్కువ శక్తి యివ్వాలన్న ఆలోచన మంచిదే. యిచ్చే పద్ధతిలోనే వచ్చింది చిక్కు.

మనం అన్నం తింటే మనమే అరిగించుకుంటాం. బర్రె గడ్డి తింటే దాన్ని అరిగించేది బర్రె కాదు! దాని మొదటి పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. గడ్డిలోని పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మార్చేవి అవే. వాటిలో ముఖ్యమైనది ఆసిటిక్ ఆమ్లం. మన వెనిగర్‌లో వుండే పులుపే. పాలలో వెన్న సగం దాకా పొదుగులో తయారయ్యేది యీ పులుపుల నుంచే. అంటే వెన్నకు మూలం నూనె డబ్బా కాదు, గడ్డివామి!

ఆ పొట్టలోకి నూనె గుమ్మరిస్తే యేమవుతుంది? గడ్డిపరకల చుట్టూ జిడ్డుపొర కడుతుంది. సూక్ష్మజీవులకు గడ్డి అందదు. పైగా నూనెలోని ఆమ్లాలు వాటికి విషంలా పనిచేస్తాయి. చావగా మిగిలిన జీవులు ఆ నూనెను సగం సగం మార్చి వదిలేస్తే, అందులోంచి పుట్టే కొన్ని కొవ్వులు పొదుగులో వెన్న తయారీకే అడ్డు తగులుతాయి. బర్రె గడ్డి మానేసిందీ, వెన్న దిగిందీ యిందుకే.

మరి యెంతవరకు ఫరవాలేదు? నీరు తీసేసి చూస్తే, మేత మొత్తంలో కొవ్వు నూటికి ఆరేడు పాళ్ళు మించరాదని పశుపోషణ శాస్త్రం చెబుతుంది. పెద్దమ్మ బర్రె మేత లెక్క కాగితం మీద వేసి చూపించాను. రోజుకు పది కిలోలు. అందులో యేడున్నర కిలోల వరిగడ్డిలో కొవ్వు వంద గ్రాములు. కిలోన్నర పచ్చి తవుడులో రెండువందల పాతిక. కిలో పత్తిగింజల్లో సుమారు నూట తొంభై. నూనె చుక్క పొయ్యకముందే అయిదువందల గ్రాములు దాటింది, అంటే నూటికి అయిదు. ఆపైన అర లీటరు నూనె అంటే మరో 460 గ్రాములు! మొత్తం నూటికి పదికి దగ్గరపడింది. పెద్దమ్మ కాగితం వంక చూసి, "అంటే నూనె ఇంతకుముందే ఉన్నదా దాంట్ల?" అన్నది. వుంది. మనకు కనపడనిచోట వుంది.

కనపడని నూనెలో మంచిది పత్తిగింజ. అందులో అయిదో వంతు దాకా కొవ్వే. కాని పెంకులో, పీచులో చుట్టి వుంటుంది. బర్రె నమిలి నెమరు వేసేకొద్దీ కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది గనుక సూక్ష్మజీవుల మీద వొక్కసారిగా పడదు. యెదిగిన పాడిగొడ్డుకు రోజుకు కిలో, మహా అయితే రెండు కిలోలు. దుడ్డెలకు మాత్రం వద్దు. పత్తిగింజలో గాసిపోల్ అనే విషపదార్థం వుంది. పెద్ద గొడ్డు పొట్ట దాన్ని తట్టుకోగలదు గాని, లేత పొట్ట తట్టుకోలేదు. కోళ్ళకూ మంచిది కాదు. యింకొక హెచ్చరిక: విత్తగా మిగిలిన రంగు పూసిన విత్తనాలు వుంటాయి చూశారూ, వాటిమీద పురుగుమందు వుంటుంది. అవి పొరపాటునకూడా గోళెం దగ్గరికి రానివ్వకండి.

తరవాత తవుడు. మిల్లునుంచి వచ్చిన పచ్చి తవుడులో నూనె నూటికి 12 నుంచి 18 పాళ్ళు వుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే జిడ్డు తెలుస్తుంది. నూనె తీసేసిన తవుడులో వొక పాలుకు మించి వుండదు. రెండింటినీ వొకే ధరకు కొంటే మోసపోయినట్టే. అయితే పచ్చి తవుడు నిలవ వుండదు. మిల్లు ఆడిన గంటనుంచే నూనె చెడడం మొదలవుతుంది. తాజాగా తెచ్చి నాలుగు రోజుల్లో వాడెయ్యాలి. చెక్క సంగతీ అంతే. పాత గానుగ కాస్త నూనె చెక్కలో వదిలేది. యిప్పటి పెద్ద మిల్లులు రసాయనాలతో పిండి దాదాపు అంతా లాగేస్తున్నాయి. ఆ చెక్కలో మాంసకృత్తులు వుంటాయి గాని శక్తి తక్కువ.

బాగా పాలిచ్చే గొడ్డుకు యివి చాలనప్పుడు మరో వుపాయం వుంది. 1980 ప్రాంతాల్లో అమెరికాలో వొహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పామ్‌క్విస్ట్, జెంకిన్స్ అనే శాస్త్రజ్ఞులు దాని మీద పనిచేశారు. దాని కీలకం మన యిళ్ళలో రోజూ చూస్తున్నదే. బోరునీళ్ళలో సబ్బు రుద్దితే నురగ రాక, బకెట్టు అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది గదా? అది నీళ్ళలోని సున్నపు అంశం సబ్బులోని కొవ్వుతో కలిసి యేర్పడ్డ కరగని పదార్థం. కొవ్వును అలాగే సున్నంతో కలిపి పొడిగా చేస్తే మొదటి పొట్టలో కరగదు, సూక్ష్మజీవుల జోలికి పోదు. నాలుగో పొట్టలోని గట్టి పులుపు తగలగానే విడిపోయి పేగుల్లో వొంటబడుతుంది. దీన్ని బైపాస్ కొవ్వు అంటున్నారు. యీనడానికి పది రోజుల ముందునుంచి యీనిన మూడు నెలలదాకా, రోజుకు వంద నుంచి రెండువందల గ్రాములు దాణాలో కలిపి పెడతారు. మూడు నాలుగు లీటర్లిచ్చే గొడ్డుకు దాని ఖర్చు దండగ.

చవకగా వస్తుందని బజ్జీల బాణలిలో మిగిలిన మాడునూనె మాత్రం మేతలో కలపకండి. మేతలో కలిపే కొవ్వు చెడ్డదైతే యేమవుతుందో లోకానికి అనుభవమే. 1957లో అమెరికాలో విషం కలిసిన కొవ్వు తిని లక్షలాది కోళ్ళు చచ్చాయి. 1999లో బెల్జియంలో అలాంటి కొవ్వే దాణాలోకి చేరి, కోళ్ళనూ గుడ్లనూ అంగళ్ళలోంచి తీసెయ్యవలసి వచ్చింది. గొడ్డు తిన్నది పాలలోకీ, పాలు మన పిల్లల గ్లాసులోకీ వస్తాయన్నది మరిచిపోరాదు.

పశువైద్యుణ్ణి పిలిపించాం. నూనె మాన్పించి, మంచి గడ్డీ కాస్త పచ్చిమేతా పెట్టమన్నారు. మూడోనాటికి బర్రె నెమరు వేసింది. పది రోజులకు వెన్న మళ్ళీ యేడు దగ్గరికి వచ్చిందని పెద్దమ్మ ఫోను చేసింది.

"మిగిలిన నూనె ఏం చేసినవ్ పెద్దమ్మా?" అన్నాను.

"ఏం జేస్త? సకినాలు జేసిన. బర్రెకు గడ్డి, మనుషులకు నూనె. ఎవరిది వాళ్ళకు పెట్టాలె బిడ్డా" అన్నది.