కొండ పిల్లలమే, కానీ మన గుండె ఇనుముది కాదు

పోస్టు కొంచెం పెద్దదే, కానీ పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పూర్తిగా చదవండి.

మొన్న మా హాస్టల్ గ్రౌండ్‌లో పదో తరగతి తమ్ముడొకడు ఎనిమిదో 400 మీటర్ల రౌండ్ అయ్యాక వాంతి చేసుకుని కూలబడ్డాడు. వరుసగా ఐదు రోజులు అవే రౌండ్లు, ఫుల్ స్పీడు. పక్కనున్న పెద్దాయన "కొండ పిల్లలు, వీళ్ళకేం కాదులే" అన్నారు. వినడానికి మెచ్చుకోలే. అసలు అర్థం మాత్రం మన ఒంటికి రెస్ట్ అక్కర్లేదని. ఈ మాట మేము ఒప్పుకోం.

స్పీడ్ ప్రాక్టీస్ వద్దని మేము అనట్లేదు. 800, 1500 పరిగెత్తాలంటే అది ఉండాల్సిందే. కానీ ఈ రౌండ్ల పద్ధతి ఎలా పుట్టిందో చూడండి. 1930లలో జర్మనీ కోచ్ గెర్ష్లర్, గుండె డాక్టర్ రైండెల్ కలిసి దీన్ని తయారుచేశారు. నాడి 180 దగ్గరికి వచ్చేలా పరిగెత్తించేవాళ్ళు, 120కి దిగాకే మళ్ళీ పంపేవాళ్ళు. ఒకటిన్నర నిమిషంలో దిగకపోతే పని ఎక్కువైందని లెక్క. గుండె బలపడేది ఆ విరామంలోనే అని వాళ్ళ నమ్మకం. గెర్ష్లర్ శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో కొట్టాడు. ఆ రికార్డు 16 ఏళ్ళు నిలిచింది. మనవాళ్ళు రౌండ్లు తెచ్చుకున్నారు, విరామం వదిలేశారు.

ఇంకోటి. 800లో కూడా సగానికి పైగా శక్తి ఆక్సిజన్‌తోనే వస్తుంది. నెలల తరబడి నెమ్మదిగా ఎక్కువ దూరం పరిగెత్తితే గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది. న్యూజిలాండ్ కోచ్ లిడియార్డ్ తన 800 రన్నర్ స్నెల్‌ని కూడా 35 కిలోమీటర్ల కొండదారి పరిగెత్తించాడు. స్నెల్ 1960లో 800, 1964లో 800, 1500 రెండూ ఒలింపిక్స్‌లో గెలిచాడు. ఈ పునాది లేకుండా రోజూ స్పీడే చేస్తే మొదట టైమింగ్ తగ్గుతుంది, తర్వాత అక్కడే ఆగిపోతుంది. కాళ్ళు బరువెక్కుతాయి, నిద్ర పట్టదు, పొద్దున లేవగానే నాడి ఎక్కువ కొడుతుంది. అప్పుడు మనల్ని బద్ధకస్తులంటారు, మనమూ నమ్మేస్తాం.

ఆరోగ్యంగా ఉన్న గుండె ప్రాక్టీస్‌తో కొంచెం పెద్దదవుతుంది, అది జబ్బు కాదు. వారసత్వంగా గుండె కండరం మందమయ్యే జబ్బు లాంటివి ఉన్నవాళ్ళకి అసలు ప్రమాదం. పరిగెత్తేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ఈసీజీ తీయించాలి, డాక్టర్‌కి చూపించాలి. రక్తం తక్కువుంటే అదే పనికి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. సికిల్ సెల్ మన ప్రాంతాల్లో ఎక్కువ. జబ్బు లేకపోయినా ఆ లక్షణం ఒంట్లో ఉన్నవాళ్ళు ఎండలో రెస్ట్ లేకుండా స్పీడ్ రౌండ్లు కొడితే ప్రాణం మీదికి రావచ్చు. 2023 నుంచి సికిల్ సెల్ మిషన్ కింద పరీక్షలు జరుగుతున్నాయి. చేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోండి. కార్డు ఉందని పరుగు మానక్కర్లేదు, సార్‌కి చెప్పి జాగ్రత్తగా చేయొచ్చు.

మేము అడిగేది ఇంతే. వారానికి రెండు రోజులే స్పీడ్, రౌండ్ల మధ్య సరిపడా రెస్ట్, సీజన్ మొదట్లో రక్త పరీక్ష. సార్ల మీద కోపం కాదు, చాలామందికి ఇది ఎవరూ చెప్పలేదు. సీనియర్లుగా మనమే చెబుదాం. తమ్ముడు "అన్నా, ఇక నా వల్ల కాదు" అంటే పిరికివాడని నవ్వకండి. ముందు వాడి నాడి పట్టుకుని చూడండి.